చేపకు గాలి చాలడం లేదట

మొన్న హుజూరాబాద్‌లో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్లి ఒక పనికిమాలిన పని చేసి వచ్చాను. భోజనాలయ్యాక అందరం హాల్లో కూర్చున్నాం. టీవీ పక్కన కొత్త చెక్క బల్ల, దాని మీద గాజు తొట్టి, అందులో నీలం రంగు ఫైటర్ చేప. ప్లగ్గుకు తగిలించిన చిన్న గాలి మోటారు బుడబుడమని నీళ్లన్నీ కుదిపేస్తోంది. చేప ఒక మూలకు పోయి, రెక్కలన్నీ ముడుచుకొని, గాజుకు అతుక్కొని ఉంది. ఇంటావిడ మాత్రం మురిసిపోతూ చెబుతోంది, అది మాటిమాటికి పైకొచ్చి నోరు తెరుస్తుంటే గాలి చాలడం లేదని మోటారు పెట్టించామని. నేను లేచి వెళ్లి ప్లగ్గు పీకేశాను. అడగలేదు, చెప్పలేదు. మా ఆయన పాయసం గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ తరువాత ఆమెకు నాలుగు మంచి ముక్కలు నెమ్మదిగానే చెప్పానని నా అభిప్రాయం. బస్సెక్కాక మా ఆయన చెప్పిన దాన్ని బట్టి అవి నెమ్మదిగా లేవట. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడిగాడు. చేపకు గాలి చాలడం లేదన్న మాట వింటే నేను ఊరుకోలేనని ఆయనకూ తెలుసు. ఆ మాట మీద మా ఇంట్లో ఒక చలికాలమంతా గొడవ నడిచింది.

మేముండేది నస్పూర్‌లో, బొగ్గుగని వాళ్ల క్వార్టర్లలో. మా ఆయనది గనిలో షిఫ్టు పని. మా మామది కూడా గని పనే, అందులో గాలి పని. భూమి లోపల ఎక్కడికక్కడ మందపాటి గుడ్డ తెరలు కట్టి, పైనుంచి వచ్చే మంచి గాలి బొగ్గు కొట్టే మనుషుల దాకా పోయేటట్టు దారి మళ్లించడం ఆయన పని. రిటైరై ఎన్నేళ్లయినా ఆయన కొత్త ఇంట్లోకి అడుగు పెడితే ముందు చూసేది గాలి ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది అన్నదే. పెళ్లిచూపులకు వెళ్లినా అంతే. మా మరిది పెళ్లిచూపుల్లో పిల్లను చూసి రమ్మంటే, ఇల్లు మంచిదే గాని వెనక గదిలో గాలి నిలబడిపోతుందని చెప్పి వచ్చాడు. పిల్ల ఎట్లా ఉందంటే గుర్తు లేదన్నాడు. అంతటి గాలి మనిషికి చివరికి తన రొమ్ములోకే గాలి సరిగా పోకుండా అయింది. గని దుమ్మో, కాల్చిన బీడీలో, రెండూనో. పడుకుంటే ఊపిరి ఆడక, మంచం మీద దిండ్లకు ఆనుకొని కూర్చునే నిద్రపోయేవాడు. ఆ మంచం ముందు గదిలో, కిటికీ పక్కన. ఆ కిటికీ రెక్కలు మూయడం మా ఇంట్లో నేరం.

ఇట్లాంటి ఇంటికి ఫైటర్ చేప వచ్చి పడింది. మా ఆడబిడ్డ కూతురు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేది. గదిలో చేపను పెంచుతోందని వార్డెన్ పట్టుకుందట. సెలవులకు ఆసిఫాబాద్ పోతూ దారిలో మా దగ్గర ఆగి, చేతుల్లో గుండ్రటి గాజు గిన్నె, అందులో ఎర్ర చేపతో ఆటోలోంచి దిగింది. నాలుగు రోజులు చూడమంది. ఇట్లాంటి నాలుగు రోజులు నేను చాలా చూశాను. వాళ్లమ్మ నాలుగు రోజులని వదిలిపెట్టిన రుబ్బురోలు ఇప్పటికీ మా వెనక వాకిట్లోనే ఉంది. ఇంట్లో ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే, మామ మంచం పక్కన నా కుట్టు మిషను. దాని మీద గిన్నె పెట్టింది. ఆ రోజుతో నా కుట్టు పని ఆగిపోయింది. ఇరుగుపొరుగు వాళ్ల జాకెట్లన్నీ సంచీల్లోనే ఉండిపోయాయి.

మొదటి రోజే మామ దాని వైపు తిరిగి కూర్చున్నాడు. రెండో రోజు దానికి పిలగాడని పేరు పెట్టాడు. ఆ తరువాత నన్ను వంటింట్లోంచి పిలిచాడు. చేప కిందినుంచి నిటారుగా పైకొచ్చి, నీళ్ల మీద నోరు పెట్టి గుటుక్కుమని ఒక బుక్క గాలి మింగి, మళ్లీ కిందికి పోయింది. కాసేపటికి మళ్లీ అంతే.

"బిడ్డా, పిలగానికి దమ్మొస్తుంది. లోపట గాలి లేదు," అన్నాడు.

పిల్లకు ఫోన్ చేశాను. ఆ జాతి చేప అట్లా పైకొచ్చి గాలి పీల్చడం మామూలేనని, దానికి ఏ జబ్బూ లేదని చెప్పింది. అదే మాట మామకు చెప్పాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఫోన్లో మాట్లాడేవాళ్లకు ఏం తెలుస్తుంది, దమ్మంటే ఏమిటో ఊపిరాడక బాధ పడేవాడికే తెలుస్తుందని ఆయన వాదన. ముందుగా గిన్నె మీద ఉన్న మూత తీయించాడు. తరువాత గిన్నెను కిటికీకి ఇంకాస్త దగ్గరికి జరిపించాడు. అప్పటికీ అది పైకి రావడం మానలేదు గనుక, షిఫ్టు దిగి వచ్చిన కొడుకును బట్టలు కూడా మార్చుకోనివ్వకుండా మంచిర్యాలకు పంపి గాలి మోటారు తెప్పించాడు. మా ఆయన నాతో దేనికైనా వాదిస్తాడు గాని వాళ్ల బాపు మాటకు ఎదురు చెప్పడు.

ఆ మోటారు పెట్టిన రోజునుంచి చేప బతుకు కుక్కలు చింపిన విస్తరి అయింది. చారెడు నీళ్లలో అంత గాలి కొడితే పాపం అది ఎక్కడికి పోతుంది. పొడుగాటి తోక గల చేప. ఆ సుడిలో ఈదలేక చుట్టూ తిరిగి తిరిగి, తోక అంచులు చిరిగి పోగులు పోగులయ్యాయి. నేను వంట చేసుకుంటూ వచ్చి మోటారు ఆపేదాన్ని. వంటింట్లోకి వెళ్లేసరికి వెనకనుంచి బుడబుడ. మళ్లీ వచ్చి ఆపేదాన్ని. మళ్లీ బుడబుడ. ఇది ఎన్ని రోజులు సాగేదో గాని, ఆ చప్పుడుకు మధ్యాహ్నం కునుకు పట్టడం లేదని మామే దాన్ని తీసేయించాడు. పిలగానికి కూడా విశ్రాంతి కావాలి కదా అని నాకే చెప్పాడు. నేనేదో మోటారు పెట్టి దాన్ని సతాయించినట్టు.

మోటారు తీశాక చేప కాస్త కుదుటపడింది. ఒక పొద్దున చూస్తే నీళ్ల మీద ఒక పక్కన సన్నటి నురగ, గసగసాలంత బుడగలు ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. మామ దాన్ని చూసి నీళ్లు పొంగుతున్నాయని, విషవాయువు పుట్టిందని నిర్ణయించాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి నా చాయ్ వడగట్టే జాలితో ఆ నురగంతా ఎత్తి కిటికీలోంచి పారబోస్తున్నాడు. నా చాయ్ జాలితో. మర్నాడు చేప మళ్లీ కట్టింది, ఆయన మళ్లీ ఎత్తాడు. ఆ నురగ దాని గూడట. మగచేప గుడ్ల కోసం ముందుగానే బుడగలతో గూడు కట్టుకుంటుందట. ఒంట్లో బాగున్న చేపే ఆ పని చేస్తుందట. ఇది పిల్ల చెబితే తెలిసింది. ఇంకో సంగతి, మామ రోజూ గడ్డం గీసుకోవడానికి చిన్న అద్దం తెచ్చి ఆ గిన్నెకే ఆనించేవాడు. అద్దంలో ఇంకో మగచేప కనబడగానే ఇది మొప్పలు విరుచుకొని, ఒళ్లంతా పెద్దది చేసుకొని గాజును గుద్దేది. పిలగాడు నన్ను చూసి సంబురపడుతున్నాడని మామ గడ్డం గీసుకోవడం ఎంతసేపటికీ అయ్యేది కాదు. అది సంబురం కాదు కోపమని చెప్పినందుకు ఒక పూట నాతో మాట్లాడలేదు.

సెలవుల మధ్యలో పిల్ల వీడియో కాల్ చేసి చేపను చూపించమంది. చిరిగిన తోక చూసి ఏడుపు మొహం పెట్టింది. తిట్లు ఎవరికి? ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నాకు. వాళ్ల తాతను ఒక్క మాటనలేదు. గిన్నె చాలదు, పెద్ద తొట్టి కావాలంది. నల్లా నీళ్లలో బ్లీచింగ్ ఉంటుంది గనుక ఒక రోజు బకెట్లో నిలబెట్టి పోయమంది, నీళ్లన్నీ ఒకేసారి మార్చొద్దంది. రెండు మూడు గింజలకు మించి మేత వేయొద్దంది. మూత పెట్టమంది, చలి తగలనీయొద్దంది. మూత మాట, చలి మాట వచ్చినప్పుడు మామ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సెలవులైపోయాయి, పిల్ల ఆసిఫాబాద్ నుంచి ఇంకో దారిన కరీంనగర్ వెళ్లిపోయింది. చేప మా దగ్గరే ఉండిపోయింది.

ఇక చలి మొదలైంది. మా వైపు చలి గురించి కొత్తగా చెప్పేదేముంది. పొద్దున్నే నల్లా కింద చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ చలిలో మా ముందు గది కిటికీ బార్లా తెరిచే ఉండేది. మా ఆయన ఇంట్లో మఫ్లరు చుట్టుకొని తిరిగేవాడు. ఊపిరాడని మనిషితో కిటికీ వేసుకోమని ఏ నోటితో చెప్పను? ఎప్పుడైనా నేను గాలి తట్టుకోలేక ఒక రెక్క మూస్తే మామ మెడ నరాలు బిగుసుకొని, రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి కూర్చునేవాడు. నేనే మళ్లీ తెరిచేదాన్ని. పిల్ల చెప్పిందని కొన్న కొత్త తొట్టి ఆ కిటికీ కిందే, మిషను మీదే. చేప తోక ముడుచుకొని, అడుగున ఒక పక్కకు ఒరిగి పడుకోవడం మొదలుపెట్టింది. మేత వేస్తే ముట్టదు. రంగు వెలిసిపోయింది. ఎంతోసేపటికి ఒకసారి, గుట్టెక్కినట్టు కష్టంగా పైకి వచ్చి, ఒక బుక్క మింగి, మళ్లీ అడుగుకు జారిపోయేది.

అప్పుడే నేనొక సంగతి గమనించాను. చేప పైకి బయలుదేరగానే మామ ఊపిరి బిగబట్టేవాడు. అది గాలి మింగి కిందికి వెళ్లాకే వదిలేవాడు. తనకే చాలని ఊపిరి, దాన్ని చేప కోసం ఆపి కూర్చునేవాడు. అన్నం ముందు పెడితే పిలగాడు తినలేదు కదా అని రెండు ముద్దలతో చేయి కడుక్కునేవాడు. నాకు చేప మీద ఉన్న కోపమంతా భయంగా మారింది. ఈ చేప పోతే ఈ మనిషి మంచం దిగడని నాకు గట్టిగా అనిపించింది. దాన్ని తీసుకుపోయి వంటింట్లో పొయ్యి దగ్గర వెచ్చగా పెడతానంటే, కంటికి కనబడకుండా ఏం చేస్తావని సాగనివ్వలేదు. పిల్లకు ఫోన్ చేసి, నువ్వు అంటగట్టిన ఈ చేప మా ప్రాణం తీస్తోందని నిజంగానే అరిచాను. ఆ పిల్ల వెంటనే నీళ్లు వెచ్చచేసే చిన్న హీటరు కొని కొరియర్లో పంపించింది.

హీటరు పెట్టిన తరువాత చేప మళ్లీ చేపలా అయింది. మేత తింది, ఎరుపు తిరిగి వచ్చింది, తొట్టి ఈ కొసనుంచి ఆ కొసకు పరుగులు తీసింది. మామ కూడా పళ్లెం ఖాళీ చేశాడు. అంతా బాగుపడిందని నేను సంచిలోంచి ఒక జాకెట్టు బయటికి తీశాను కూడా. కాని మూత పెట్టనివ్వలేదుగా. ఒక మధ్యాహ్నం పప్పు తాలింపు వేస్తుంటే ముందు గదిలోంచి స్టీలు గ్లాసుతో మంచం పట్టె మీద కొడుతున్న చప్పుడు వచ్చింది. పిలవడానికి ఊపిరి లేనప్పుడే ఆయన అట్లా కొట్టేవాడు. పరుగెత్తుకొచ్చాను. తొట్టిలో నీళ్లున్నాయి, చేప లేదు. మామ మంచం దిగి నేల మీద మోకాళ్ల మీద ఉన్నాడు. మిషను కిందికి వేలు చూపిస్తున్నాడు. వంగి చూస్తే దారపు పోగుల మధ్య, దుమ్ము అంటుకొని ఎర్రగా పడి ఉంది. ఎంతసేపైందో ఆయనకూ తెలియదు. కునుకు తీసి లేచేసరికి తొట్టి ఖాళీగా ఉందట. చేయి తడుపుకొని, దాన్ని దోసిట్లోకి తీసుకొని నీళ్లలో వదిలాను. అడుగుకు పోయింది. పోయిందనుకున్నాను. నేను మామ మొహం వైపు చూడలేకపోయాను. అంతలో అది కదిలి, వంకరగా తిరుగుతూ పైకొచ్చి, నీళ్ల మీద నోరు పెట్టి ఒక బుక్క మింగింది.

మామ నేల మీదే, మంచం కోడుకు ఆనుకొని కూర్చుండిపోయాడు. ఊపిరి అందుకున్నాక మెల్లగా అడిగాడు.

"నీళ్లు లేకుంట గింతసేపు ఎట్ల బతికె బిడ్డా?"

నాకు అప్పటిదాకా ఉన్న చిరాకు, భయం అన్నీ కలిసి వచ్చాయి. "కొరమీను ఎట్ల బతుకుతది మామా? సంతల బకెట్ల అడుగున చారెడు నీళ్లు పోసి పెడితే పొద్దుమీకేదాక ఉంటది గద. నీ చిన్నప్పుడు చెరువు ఎండితే బురదల చెయ్యి పెట్టి కొరమీన్లు తీసిన్నని నువ్వే చెప్తవు. గది పైకొచ్చి గాలి తింటది, గందుకే బతుకుతది. గిది గూడ గదే తీరు. గా పిల్ల పోన్ల మొత్తుకున్నది గిదే."

ఆయన తొట్టి వైపు చాలాసేపు చూశాడు. చేప మళ్లీ ఒకసారి పైకొచ్చి వెళ్లింది. ఈసారి ఆయన ఊపిరి బిగబట్టలేదు.

"అంటే దానికి దమ్ము కాదు," అన్నాడు.

"కాదు మామా. దాని పుట్టుకే గంత."

"అయితే ఇంట్ల దమ్ము నాకొక్కనికే అన్నట్టు," అన్నాడు. "మంచిగయ్యింది."

నేను తాలింపు మాడిపోతోందని చెప్పి వంటింట్లోకి వెళ్లాను. తాలింపు అప్పటికే మాడిపోయింది. అక్కడ నిలబడి ఏడ్చాను.

ఇక్కడితో పరేషాన్ తీరిందనుకుంటే పొరపాటు. పొద్దున్నే పిల్లకు ఆయనే ఫోన్ చేయించి మూత సంగతి అడిగాడు. చేప పీల్చేది నీళ్లకూ మూతకూ మధ్యనుండే గాలి, అది చల్లబడితే దానికి లోపల జబ్బు చేస్తుందని ఆ పిల్ల చెప్పింది. గాలి దారి సంగతి కదా, అది మాత్రం ఒక్క మాటకే అర్థమైంది. ఆయనే దగ్గరుండి అట్టముక్కకు సన్నటి రంధ్రాలు పొడిపించి మూత చేయించాడు. అంతటితో ఆగక, సాయంత్రం కాగానే తన చేత్తో కిటికీ మూసేశాడు. ఏళ్లుగా మూయని కిటికీ. మూసి, మంచం పట్టె మీద చేతులు ఆనించి, మెడ నరాలు బిగించి కూర్చున్నాడు. నేను వెళ్లి తెరిచాను. ఆయన మూశాడు. మోటారు గొడవ తిరగబడి వచ్చింది, ఈసారి కిటికీ రూపంలో. ఒక చేప కోసం మనిషి చచ్చిపోతాడా అని నేను నోరు పారేసుకుంటే, దానికి జబ్బు లేదు కదా, లేని జబ్బు మనం ఎందుకు తేవాలె అన్నాడు. గొంతు లేవడం లేదు, మొండితనం మాత్రం తగ్గలేదు.

చివరికి మూడో సాయంత్రమో నాలుగో సాయంత్రమో కొడుకును పిలిచి మేకులు, తాడు తెమ్మన్నాడు. నా పెట్టెలోంచి మందపాటి జంపఖానా తీయించాడు. కిటికీకీ తొట్టికీ నడుమ దాన్ని తెరలా కట్టించాడు, నేలనుంచి జానెడు ఎత్తు వదిలి, ఒక కొస గోడ వైపు వంచి. గనిలో మనుషుల కోసం కట్టినట్టే కట్టించాడు. గాలి ఎటు పోతుందో చూడాలని కిటికీ దగ్గర ఊదుబత్తి వెలిగించమన్నాడు. ఆ పొగకు ఆయనకే దగ్గు తెర వచ్చి, నేను వీపు రుద్దుతూ తిడుతూ ఉంటే, దగ్గుతూనే వేలెత్తి చూపించాడు. కిటికీ దగ్గర లేచిన పొగ గోడ వెంట ఆయన మంచం మీదికి వచ్చి, తలుపులోంచి బయటికి పోతోంది. తొట్టి వైపు పోగంత కూడా పోవడం లేదు. చేప తన మూత కింద, తన వెచ్చటి గాలి తింటూ తిరుగుతోంది. ఒక మూల కొత్తగా నురగ గూడు కట్టింది. ఈసారి చాయ్ జాలి దాని జోలికి పోలేదు.

ఆ చలికాలం అట్లా గట్టెక్కింది. వానలు పడ్డాక మామ పోయాడు, కూర్చున్న నిద్రలోనే, తెరిచిన కిటికీ పక్కన. చేప ఉంది. దాని ఆయుష్షు చిన్నదే గాని ఇంకో చలికాలం చూసింది. తెర తీసేశాను. ఆ గదిలో పడుకునేవాళ్లు లేరు గనుక ఇక గాలిని ఎటూ మళ్లించే పనీ లేదు, పొద్దుగూకగానే కిటికీ మూసేస్తే సరిపోతుంది. కాని రెక్క మీద చెయ్యి వేసిన ప్రతిసారీ, "మామా, కిటికి ఏస్తున్న," అని నా నోట్లోంచి వచ్చేసేది. అన్నాక, ఆయన వద్దంటాడేమోనని కాసేపు ఆగేదాన్ని. అడ్డం చెప్పే మనిషి లేని ఇంట్లో కిటికీ మూయడానికి ఎంతసేపు పట్టాలి? నాకు ఆ చలికాలమంతా పట్టింది.